మణికట్టులో నలిగే నరం: కోత ఎప్పుడు, ఎలా

(చేతులతో కష్టపడి పనిచేసేవారి ఆరోగ్యం గురించి ఒంగోలులో జరిగిన సభలో ఒక చేతి శస్త్రవైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి వైద్యులకు, ఈ పూట కూలి వదులుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

నేను లోపలికి వస్తూ ఉంటే గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ నన్ను ఆపి, "అయ్యా, నడిరేయి అయ్యేసరికి ఈ మూడు వేళ్లూ మొద్దుబారిపోతాయి, లేచి కూచుని చెయ్యి విదిలించుకుంటే గానీ నిద్దర పట్టదు, ఇది వాతమేనా?" అని అడిగారు. ఆవిడ ఆ ఒక్క మాటలోనే నాకు కావలసినదంతా చెప్పేశారు: ఏ వేళ్లు, ఏ వేళ, ఏం చేస్తే తగ్గుతుంది అన్న మూడు సంగతులూ అందులో ఉన్నాయి. దీనిని మన పల్లెల్లో వాతం అంటారు, నరాల బలహీనత అంటారు, మెడ ఎముక అరిగిందంటారు, బలానికి సూదులు వేయించుకుంటారు. నిజానికి ఆ నరం బలహీనమైనది కాదు. మణికట్టు దగ్గర ఒక ఇరుకు దారిలో అది నలుగుతోంది. ఆ దారికి కార్పల్ టన్నెల్ అని పేరు. నలిగే నరం పేరు మీడియన్ నరం.

ఈ జబ్బుకు ఉన్న శస్త్రచికిత్సా పద్ధతుల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. పెద్ద కోతా, చిన్న కోతా, కెమెరా పెట్టి చేసేదా అన్న ప్రశ్న నా గదిలో రోజూ వినిపిస్తుంది కనుక ఆ పద్ధతులన్నీ వివరంగానే చెబుతాను. అయితే ఇన్నేళ్లుగా చేతులు చూసిన మీదట నా మనసులో గట్టిపడిన అభిప్రాయాన్ని ముందే చెబుతున్నాను: రోగి ఏ దశలో వచ్చారు, నరాన్ని నొక్కుతున్న పట్టీ చివరిదాకా తెగిందా లేదా అన్న రెండింటి మీదనే ఫలితం ఎక్కువగా ఆధారపడుతుంది, కోత ఎంత పొడవన్నది వాటి తరువాతి సంగతి.

మీ అరచేతిని ఒకసారి పైకి తిప్పి, మణికట్టు మడత మీద రెండో చేతి బొటనవేలు ఆనించండి. ఆ మడత నుంచి అరచేతి మధ్య వైపుగా, సుమారు 3 సెంటీమీటర్ల మేర, ఆ దారి ఉంటుంది. మణికట్టులోని 8 చిన్న ఎముకలు వంపుగా అమరి దానికి అడుగుగా, పక్క గోడలుగా నిలుస్తాయి. బొటనవేలి వైపు ఎముకల నుంచి చిటికెన వేలి వైపు ఎముకల దాకా అడ్డంగా బిగించినట్టు ఉండే గట్టి లిగమెంటు దానికి పైకప్పు. ఈ లిగమెంటును నేను ఇక మీదట పట్టీ అనే అంటాను. కాలువ గట్టు కింద వేసే తూము లాంటిదే ఈ నిర్మాణం. ఆ తూములోంచి వేళ్లను ముడిచే టెండాన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు, మొత్తం 9 వెళ్తాయి. వాటితో పాటు, పట్టీకి దాదాపు ఆనుకునే, మీడియన్ నరం వెళ్తుంది. ఉన్నవాటిలో మెత్తనిది నరమే కనుక, లోపల ఏది ఉబ్బినా ముందు నలిగేదీ అదే. 1981లో అమెరికాలో గెల్బర్‌మన్ బృందం సన్నని గొట్టం పెట్టి ఈ దారిలోని ఒత్తిడిని కొలిచినప్పుడు, ఆరోగ్యవంతుల చేతిలో పాదరస మట్టం 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, ఈ జబ్బు ఉన్నవారి చేతిలో 32 దాకా ఉంది. మణికట్టును లోపలికి గానీ వెనక్కి గానీ పూర్తిగా వంచితే అది 90 దాటింది. నరానికి రక్తం అందించే సన్నని నాళాలు 20, 30 దగ్గరే మూసుకుపోవడం మొదలవుతుంది. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు వంచి పడుకుంటాం. రాత్రి పూటే మంట, తిమ్మిరి రేగడానికి ముఖ్యమైన కారణం ఇది.

ఎవరికి వస్తుందన్న ప్రశ్నకు జవాబు పొడవైనది. మగవారి కంటే ఆడవారికి, అందులోనూ 40 నుంచి 60 ఏళ్ల మధ్యవారికి ఎక్కువగా వస్తుంది. షుగరు, థైరాయిడ్ తగ్గుదల, కీళ్లవాతం, గర్భం, ఊబకాయం, డయాలసిస్ దీనికి తోడవుతాయి. పని వల్ల వస్తుందా అని మీలో చాలామంది అడుగుతారు. కంపించే యంత్రాన్ని గంటల తరబడి పట్టుకోవడం, వేళ్లతో బలంగా పట్టి ఒకే కదలికను పదేపదే చేయడం, అదీ మణికట్టు వంచి చేయడం, ఈ జబ్బుకు అవకాశాన్ని పెంచుతాయన్నది చాలాకాలంగా తెలిసిన విషయం. చీమకుర్తి క్వారీల్లో రాయికి డ్రిల్లు పట్టేవారు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆకును కర్రలకు కట్టి, ఆకును ఆరబెట్టే బ్యారన్ల నుంచి దించి, గ్రేడింగు చేసే అక్కలు, చల్లటి నీళ్లలో రొయ్యల తల తీసి పొట్టు ఒలిచే పిల్లలు, పూటకు నాలుగైదు గేదెలను చేత్తో పిండే రైతులు, వీరందరి చేతులూ నేను చూశాను. ఏ ఒక్క పనినీ నేరుగా దోషి అనలేము, ఎందుకంటే ఇల్లు దాటని గృహిణికీ ఇది వస్తుంది. అయినా పనిలో ఉన్న చేతికి వచ్చినప్పుడు ఆ ఇంటికి జరిగే నష్టం వేరు.

జబ్బును గుర్తించడం సగానికి సగం మాటల్లోనే అవుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో మధ్య వేలి వైపు సగం, ఇవి తిమ్మిరెక్కి, చిటికెన వేలు మామూలుగా ఉంటే అనుమానం బలపడుతుంది. అరచేతిలో బొటనవేలి మొదటి భాగపు చర్మానికి స్పర్శనిచ్చే కొమ్మ పట్టీకి పైనుంచి వెళ్తుంది కాబట్టి అక్కడ స్పర్శ చెడదు. మీలో అనుమానం ఉన్నవారు ఇప్పుడే రెండు చేతుల వెనుక భాగాలు ఒకదానికొకటి ఆనించి, మోచేతులు బయటకు పెట్టి, వేళ్లు కిందికి వేలాడేలా మణికట్లు వంచి ఒక నిమిషం ఉండండి. ఇది ఫాలెన్ పరీక్ష. నిమిషం గడవక ముందే ఆ వేళ్లలో జివ్వుమంటే వైద్యునికి చూపించుకోవాలి. మేము మణికట్టు మీద బొటనవేలితో 30 సెకన్లు నొక్కి కూడా చూస్తాం. ఆ తరువాత నరంలో విద్యుత్తు ఎంత వేగంగా పోతున్నదో కొలిచే పరీక్ష చేయిస్తాం. కోతకు ముందు దాన్ని చేయించడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే కోత తరువాత నరం కోలుకుంటున్నదో లేదో తేల్చుకోవడానికి పాత కొలత కావాలి.

ఇక్కడ హౌస్ సర్జన్లకు ఒక మాట. మెడలో ఆరో నరం నొక్కుకున్నా బొటనవేలు, చూపుడు వేలే తిమ్మిరెక్కుతాయి, కనుక మెడ తిప్పించి చూడకుండా చేతి మీద కత్తి పెట్టకండి. అలాగే కుష్ఠువ్యాధి మన జిల్లాల నుంచి పూర్తిగా పోయిందనుకోకండి. అది మీడియన్ నరాన్ని మణికట్టుకు కాస్త పైనే లావెక్కిస్తుంది; చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉందేమో, మోచేతి వెనుక నరం తాడులా తగులుతోందేమో చూడటానికి రెండు నిమిషాలు చాలు.

అందరికీ కోత అవసరం లేదు. తిమ్మిరి వస్తూ పోతూ ఉన్న దశలో రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే పట్టా (స్ప్లింటు) కట్టుకుని ఆరు వారాలు పడుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. పట్టీ కింద స్టెరాయిడ్ సూది ఒకటి వేస్తే కొన్ని నెలలు హాయిగా ఉంటారు, తరువాత ఎక్కువమందిలో మళ్లీ మొదలవుతుంది. గర్భిణులకు కాన్పు తరువాత ఎక్కువగా దానంతటదే తగ్గుతుంది కాబట్టి తొందరపడము. థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి ముందు దాన్ని సరిచేయాలి. కానీ పగలూ రాత్రీ తేడా లేకుండా తిమ్మిరి నిలిచిపోయినా, సంక్రాంతి ముగ్గు పెట్టబోతే వేళ్ల మధ్య పిండి ఎంత ఉందో తెలియకపోయినా, జాకెట్టు హుక్కు పెట్టుకోలేకపోయినా, బొటనవేలి మొదట ఉండే కండ పల్లమైపోతున్నా, ఇక పట్టాలతో, సూదులతో కాలం గడపకూడదు. నొప్పి తగ్గిపోయిందని సంతోషించేవారు కూడా నా దగ్గరకు వస్తారు. తిమ్మిరి పెరిగి, నొప్పి తగ్గడం మంచి కబురు కాదు. అది నరం చచ్చుబడిపోతున్నదని చెప్పే గుర్తు.

పట్టీని కోస్తే నరం బతుకుతుందన్న ఆలోచన ఎంతోకాలం ఎవరికీ రాలేదు. 1854లో ఇంగ్లండులో సర్ జేమ్స్ పాజెట్, మణికట్టు ఎముక విరిగి అతికిన తరువాత ఈ నరం నొక్కుకుపోవడాన్ని వర్ణించారు. 1913లో ఫ్రాన్సులో మేరీ, ఫ్వా అనే ఇద్దరు వైద్యులు, బొటనవేలి కండ పూర్తిగా కరిగిపోయిన ఒక వృద్ధుని చేతిని మరణానంతరం కోసి చూసి, పట్టీకి పైన నరం ఉబ్బి, దాని కింద సన్నబడి ఉండటం గమనించారు. సకాలంలో ఈ పట్టీని కోసి ఉంటే కండ నిలిచేదేమోనని రాశారు. 1933లో లియర్‌మంత్ అనే శస్త్రవైద్యుడు అలా కోసిన ఆపరేషన్‌ను ప్రకటించారు. 1950ల నుంచి అమెరికాలో జార్జ్ ఫాలెన్ రాసిన వ్యాసాల వల్లే ఇది సాధారణ వైద్యుల దాకా వచ్చింది.

ఇక ఆపరేషన్. ముందు మత్తు సంగతి, ఎందుకంటే జనం భయపడేది కత్తికన్నా మత్తుకే. గతంలో పూర్తి మత్తు గానీ, చంక దగ్గర చేయి మొత్తాన్ని మొద్దుబార్చే సూది గానీ ఇచ్చి, రక్తం రాకుండా భుజం కింద టోర్నికే బిగించి చేసేవాళ్లం. ఆ బిగింపు నొప్పిని మెలకువగా ఉన్న మనిషి పది, పదిహేను నిమిషాలకు మించి ఓర్చుకోవడం కష్టం. ఇప్పుడు నేను ఎక్కువగా చేసేది వాలంట్ అనే పద్ధతి, అంటే మనిషిని మెలకువగానే ఉంచి, కోసే చోటునే మొద్దుబార్చి, టోర్నికే లేకుండా చేయడం. దీనిని కెనడాకు చెందిన డాక్టర్ డొనాల్డ్ లలోండ్ విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చారు. 1 శాతం లిగ్నోకైన్‌లో లక్షకు ఒక వంతు అడ్రినలిన్ కలిపి, మంట పుట్టకుండా కొంచెం సోడియం బైకార్బనేట్ చేర్చి, సన్నటి సూదితో మణికట్టులోనూ అరచేతిలోనూ నెమ్మదిగా ఎక్కిస్తాం. సుమారు 20 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఈ మందు హద్దు మనిషి బరువులో కిలోకు 7 మిల్లీగ్రాములు. అంటే 50 కిలోల మనిషికి 35 మిల్లీలీటర్ల దాకా ఇవ్వవచ్చు, మనం వాడేది దానికి ఎంతో లోపలే ఉంటుంది. సూది వేశాక అరగంట ఆగాలి. ఆ ఆగడమే ఈ పద్ధతిలో అసలు కిటుకు, ఎందుకంటే అడ్రినలిన్ రక్తనాళాలను ముడిచి, కోసే చోటు తెల్లగా పాలిపోయి, టోర్నికే అవసరం లేకుండా పోవడానికి అంత సేపు పడుతుంది. వేళ్ల దగ్గర అడ్రినలిన్ వాడితే వేలు కుళ్లిపోతుందని మేము చదువుకునే రోజుల్లో నేర్పారు. తరువాత వేలాది చేతుల మీద వచ్చిన అనుభవం ఆ భయాన్ని తీర్చింది, విరుగుడుగా ఫెంటోలమైన్ అనే మందు కూడా ఉంది. అయినా వేళ్లకు రక్తప్రసరణ ముందే దెబ్బతిన్నవారికి నేను దీన్ని వాడను.

దీనివల్ల మన రోగులకు కలిగే మేలు చాలా పెద్దది. పొద్దున ఇడ్లీ తిని, షుగరు మాత్ర వేసుకుని, పొదిలి నుంచో కనిగిరి నుంచో బస్సెక్కి వచ్చి, ఆపరేషన్ చేయించుకుని, సాయంత్రం బస్సులోనే ఇంటికి పోవచ్చు. ఉపవాసం లేదు కాబట్టి షుగరు ఉన్నవారికి నీరసం రాదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు వాటిని తమంతట తాము ఆపవద్దు. ఆ సంగతి డాక్టరుకు చెబితే చాలు.

తెరిచి చేసే కోతను కొంచెం నిదానంగా చెబుతాను, మిగతా పద్ధతులన్నీ దీన్ని చూసి పుట్టినవే కనుక. ఉంగరపు వేలికి బొటనవేలి వైపు ఉన్న అంచు నుంచి అరచేతిలోకి ఒక గీత ఊహించుకోండి. ఆ గీత మీద, మణికట్టు మడతకు కాస్త ముందు నుంచి, అరచేతిలోకి 3 లేదా 4 సెంటీమీటర్ల కోత పెడతాం. అంతకంటే బొటనవేలి వైపు జరిగితే చర్మపు నరపు కొమ్మలు తెగి, మచ్చ జీవితాంతం సలుపుతుంది. చర్మం కింద పసుపుపచ్చని కొవ్వు, దాని కింద నిలువు పోగులతో తెల్లగా మెరిసే అరచేతి పొర వస్తాయి. దాన్ని విడదీస్తే అడ్డ పోగులతో మన పట్టీ కనిపిస్తుంది. పోగుల దిశ మారడమే మేము సరైన చోటికి వచ్చామని చెప్పే గుర్తు. మొదట చిన్న రంధ్రం చేసి, లోపల మొద్దుగా ఉన్న పనిముట్టును జొనిపి, దాని మీదుగానే పట్టీని కోస్తాం, అప్పుడు కత్తికీ నరానికీ మధ్య ఎప్పుడూ ఒక లోహపు అడ్డు ఉంటుంది. కోత పట్టీకి చిటికెన వేలి వైపు ఉండాలి. ఎందుకంటే నరంలోంచి బొటనవేలి కండకు వెళ్లే కొమ్మ ఎక్కువమందిలో పట్టీ దాటిన తరువాత వెనక్కి తిరుగుతుంది గానీ, కొందరిలో పట్టీ కిందనే విడిపోతుంది, మరికొందరిలో పట్టీని చీల్చుకునే వస్తుంది. ఆ కొమ్మ తెగితే చొక్కా గుండీ పెట్టుకునే శక్తి, పెన్ను పట్టుకునే శక్తి పోతాయి. అరచేతి లోపలి చివర కొవ్వు ముద్ద ఒకటి కనిపించే దాకా కోయాలి, ఆ కొవ్వు కిందనే వేళ్లకు రక్తం తీసుకుపోయే ధమని వంపు ఉంటుంది కాబట్టి అక్కడ ఆగాలి. తరువాత పైవైపు తిరిగి, ముంజేతి చివర బిగుతుగా ఉన్న పొరను చర్మం కిందనే ఒకటి రెండు సెంటీమీటర్లు విడదీయాలి. అప్పుడు మెలకువగా ఉన్న రోగిని వేళ్లు ముడవమని, చాచమని అడుగుతాను. టెండాన్లు సాఫీగా జారుతూ కనిపిస్తాయి. నరం మీద నొక్కుకుపోయిన చోట నడుము సన్నబడినట్టు ఉంటుంది, కొన్ని క్షణాల్లో అక్కడికి రక్తం చేరి గులాబీ రంగు తిరుగుతుంది. ఇన్నిసార్లు చూసినా ఆ దృశ్యం నాకు ప్రతిసారీ సంతోషం కలిగిస్తుంది.

నా తొలి రోజుల సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. పొగాకు గ్రేడింగు చేసుకునే ఒక తల్లికి నేను ఆపరేషన్ చేశాను. అరచేతి లోపలి చివర కొద్దిగా రక్తం వస్తూ ఉంటే, ధమనికి దెబ్బ తగులుతుందేమోనన్న భయంతో, పట్టీ పూర్తిగా తెగిందని నాకు నేనే నచ్చజెప్పుకుని మూసేశాను. నాలుగు నెలల తరువాత ఆవిడ అదే తిమ్మిరితో తిరిగి వచ్చారు, నన్ను ఒక్క మాట అనలేదు, చెయ్యి మాత్రం నా ముందు బల్ల మీద పెట్టారు. మళ్లీ తెరిచి చూస్తే చివర అర సెంటీమీటరు మేర పోగులు తెగకుండా నరం మీద దారంలా బిగిసి ఉన్నాయి. వాటిని కోశాక ఆవిడకు తిమ్మిరి తగ్గింది, కానీ ఆ నాలుగు నెలల కూలీ, రెండో కోత ఆవిడ మీద నేను మోపిన భారమే. ఆపరేషన్ తరువాత తిమ్మిరి కొనసాగడానికి తరచుగా కనిపించే కారణం ఈ అసంపూర్ణపు కోతే అని పుస్తకాల్లో చదివి ఉన్నాను. నా చేతిలో జరిగాకే అది నాకు నిజంగా అర్థమైంది.

తెరిచి చేసే కోతనే 2 సెంటీమీటర్లలోపు కుదించి చేస్తే మినీ ఓపెన్ అంటారు. మచ్చ చిన్నదవుతుంది, పట్టీని పూర్తిగా కళ్లారా చూస్తూ కోసే వీలు చాలావరకు ఉంటుంది. నేను ఎక్కువగా చేసేది ఇదే. కనిపించడం లేదనిపిస్తే కోతను పొడిగించడానికి సందేహించను.

ఎండోస్కోపీ పద్ధతి 1980ల చివరలో జపాన్‌లో ఒకుట్సు, అమెరికాలో చౌ, ఏజీ అనే వైద్యుల ద్వారా వచ్చింది. ఇందులో అరచేతి చర్మాన్ని పొడవునా కోయరు. ఏజీ పద్ధతిలో మణికట్టు మడత దగ్గర ఒక్క చిన్న కోత పెట్టి, పట్టీ కిందకు సన్నని కెమెరా పంపి, తెర మీద పట్టీ అడుగు భాగాన్ని చూస్తూ, మీట నొక్కితే పైకి లేచే చిన్న కత్తితో అడుగు నుంచి పైకి కోస్తారు. చౌ పద్ధతిలో అరచేతిలో రెండో రంధ్రం కూడా ఉంటుంది. చేత్తో బరువు ఆనించే చోట చర్మం తెగదు కాబట్టి మచ్చ నొప్పి తక్కువ, పనికి సగటున ఒక వారం ముందు వెళ్లగలుగుతారు. ఏడాది తరువాత చూస్తే తిమ్మిరి తగ్గడంలో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించదని అనేక పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. నరం తాత్కాలికంగా మొద్దుబారడం మాత్రం కెమెరా పద్ధతిలో కొంచెం ఎక్కువ. పరికరాల ఖర్చూ ఎక్కువే. రెండు వారాలకే స్కూటరు నడపాల్సిన ఉద్యోగికి, చేతి కర్ర మీద బరువు వేసి నడిచే పెద్దవారికి అది మేలు కావచ్చు. కానీ పాత కోత విఫలమైన చేతికి, మణికట్టు విరిగి వంకర అతికిన చేతికి, కీళ్లవాతంతో లోపల పొర బాగా ఉబ్బిన చేతికి తెరిచి చేయడమే క్షేమం. కెమెరాలో పట్టీ అడ్డ పోగులు తెల్లగా, స్పష్టంగా కనిపించకపోతే అక్కడే ఆగి, తెరిచి చేయాలి. అలా మార్చుకోవడాన్ని ఓటమిగా భావించే సర్జన్ దగ్గర ఎండోస్కోపీ చేయించుకోవద్దని నా మనవి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది రంధ్రం ద్వారా పట్టీని కోసే పద్ధతులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. చేయి తిరిగినవారి దగ్గర ఫలితాలు బాగున్నాయి.

కొన్ని పనులు చేయకపోవడం కూడా విద్యలో భాగమే. పట్టీ కోశాక నరం పై తొడుగును చీల్చి లోపలి పోగులను విడదీయడం ఒకప్పుడు చేసేవారు. దానివల్ల అదనపు ప్రయోజనం లేదని, మచ్చ పెరుగుతుందని తేలాక మానేశాం. టెండాన్ల పొరను అందరికీ తొలగించడమూ అనవసరం. కీళ్లవాతం వంటి జబ్బు ఉంటేనే తీసి, పరీక్షకు పంపుతాం.

బొటనవేలి కండ పూర్తిగా కరిగిన తరువాత వచ్చినవారి మాట. మీరందరూ బొటనవేలి కొనను చిటికెన వేలి కొనకు తాకించి, మణికట్టును కొద్దిగా లోపలికి వంచండి. మణికట్టు మధ్యలో తాడులా పైకి లేచేదే పాల్మారిస్ లాంగస్ టెండాన్. కొందరికి అది పుట్టుకతోనే ఉండదు, దాని లోటు కూడా వారికి తెలియదు. లేకపోయినా జరిగిపోయే ఆ తాడును, అరచేతి పొర ముక్కతో సహా తీసి, బొటనవేలికి కుట్టి, దాన్ని అరచేతి నుంచి పైకి ఎత్తేలా చేయవచ్చు. 1929లో కామిట్జ్ చెప్పిన ఈ ఆపరేషన్‌ను పట్టీ కోసిన కోతలోనే, దాన్ని కొంచెం పొడిగించి, పూర్తి చేస్తాం. నరం పోయిన చేతికి టెండాన్లు మార్చి పని చేయించే విద్యకు మనకు దగ్గరలోనే గొప్ప చరిత్ర ఉంది; 1940ల చివర నుంచి వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధిగ్రస్తుల చేతుల మీద చేసిన కృషి ప్రపంచానికే పాఠమైంది. గాజు గ్లాసు పట్టుకోలేని చేతిని ఇలా నిలబెట్టగలిగినా, ముందే వచ్చి ఉంటే ఈ రెండో మరమ్మతు అవసరమే లేదన్న బాధ నాకు మిగులుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం రోజులు లెక్కపెట్టే వీలు లేదు. బండి మీద నుంచి పడి మణికట్టు విరిగినవారికి, ఎముక సరిచేసి కట్టు వేసిన తరువాత కూడా ఈ మూడు వేళ్ల తిమ్మిరి గంట గంటకూ పెరుగుతూ, నొప్పి మాత్రలకు లొంగకపోతే, కట్టు వదులు చేసి, ఎముకను మళ్లీ చూసి, అవసరమైతే ఆ రాత్రే పట్టీని కోయాలి. తెల్లవారాక చూద్దామన్న మాటకు అక్కడ చోటు లేదు.

ఆపరేషన్ అయ్యాక ఏమవుతుందో చెబుతాను. కోసిన పట్టీ అంచులు విడిపోయి, దారి వెడల్పవుతుంది. తరువాత ఆ ఖాళీలో కొత్త పోగులు వచ్చి, పట్టీ కొంచెం సాగిన స్థితిలో మళ్లీ అతుక్కుంటుంది. వేళ్లను అదే రోజు నుంచి ముడుస్తూ, చాస్తూ ఉండాలి. రెండు మూడు రోజులు చేతిని గుండె కంటే ఎత్తులో దిండు మీద పెట్టుకోవాలి. మణికట్టుకు బిగువు పట్టాలు అవసరం లేదు. కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీస్తాం. తేలిక పనులు రెండు వారాలకు, డ్రిల్లు పట్టడం, బస్తాలు ఎత్తడం వంటివి ఆరు వారాలకు పైమాటే. అరచేతి రెండు అంచుల్లో నొక్కితే నొప్పి మూడు నుంచి ఆరు నెలలు ఉండవచ్చు. పట్టు బలం రావడానికి కూడా సుమారు మూడు నెలలు పడుతుంది. రాత్రి మెలకువలు చాలామందికి మొదటి వారంలోనే పోతాయి. వేలి కొనల్లో స్పర్శ మాత్రం నెమ్మది. లోపలి పోగులు చచ్చి ఉంటే అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరగాలి కనుక మణికట్టు నుంచి వేలి కొన దాకా చేరడానికి ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఏళ్ల తరబడి నలిగిన నరం పూర్తిగా కోలుకోకపోవచ్చు, ఈ మాటను నేను కోతకు ముందే రోగికి చెబుతాను. షుగరు ఉన్నవారికి ఆపరేషన్ పనికిరాదన్న మాట నిజం కాదు, వారికీ మేలు జరుగుతుంది; గాయం మానే దాకా షుగరును అదుపులో పెట్టుకోవాలి, అంతే.

వెనుక వరుసలో క్వారీలో పనిచేసే తమ్ముడు ఒక ప్రశ్న రాసి పంపారు: "సారూ, నాకు రెండు చేతులకూ ఉంది, రెండూ ఒకేసారి చేయించుకుంటే కూలి పోయేది ఒకసారే కదా?" మంచి ప్రశ్న, లెక్కగా చూస్తే సరైనదే. వైద్యపరంగా రెండూ ఒకే రోజు చేయవచ్చు. కానీ మనం కుడి చేత్తో అన్నం తింటాం, ఎడమ చేత్తో కడుక్కుంటాం. రెండు చేతులకూ కట్లు ఉంటే ఆ రెండు వారాలు ఇంట్లో ఇంకొకరు పని మానుకుని నీ పక్కనే ఉండాలి, అప్పుడు పోయేది ఇద్దరి కూలి. ఇంట్లో అలా చూసుకునే మనిషి ఉండి, వారు ఒప్పుకుంటే చేస్తాను. లేకపోతే, పరీక్షలో ఏ చేతి నరం ఎక్కువ దెబ్బతిందో ముందు దాన్ని చేద్దాం తమ్ముడూ. ఆ చేతికి కుట్లు తీసి, నువ్వు దానితో నీళ్ల చెంబు ఎత్తగలిగిన నాడు రెండో చేతికి రోజు పెట్టుకుందాం.